తనిఖీ మెట్ల దగ్గర మొదలుపెట్టాలి

ఫైర్ తనిఖీ ఉందని కబురు అందగానే బిల్డింగు వాళ్లు ముందు చేసే పని ఎర్ర సిలిండర్లు తుడిపించడం. అధికారి రాగానే నేరుగా సెల్లార్‌లోని పంపు రూముకి తీసుకెళ్తారు. కొత్తగా రంగు వేసిన పైపులు, మెరిసే గేజీలు, ఫ్రేము కట్టించిన ఎన్‌ఓసీ (ఫైర్ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చూపిస్తారు. అవన్నీ చూడాల్సినవే. కాకపోతే అక్కడ మొదలుపెడితే సగం పూట అక్కడే గడిచిపోతుంది, మెట్లు హడావుడిగా దిగిపోతూ చూసినట్టవుతుంది. తనిఖీ పై నుంచి కిందకి సాగాలి. లిఫ్టులో పై అంతస్తుకి వెళ్లి, అక్కణ్ణుంచి టెర్రస్ ఎక్కి, ఆ తర్వాత మెట్ల మీదుగా ఒక్కో అంతస్తూ చూసుకుంటూ దిగాలి. పంపు రూము ఆఖరున.

నీళ్లు మంటని ఆర్పుతాయి. మనుషుల్ని బయటపడేసేది మెట్లే. మంట కంటే ముందు పొగ చంపుతుంది, ఆ పొగ పైకి పోవడానికి వెతుక్కునే దారి కూడా మెట్లే. 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేంద్రంగా వాడుతున్న హోటల్లో మంటలు లేచి కనీసం పది మంది చనిపోయారు. అది తెల్లవారుజాము, రోగులు నిద్రలో ఉన్న వేళ. హోటల్, ఆసుపత్రి తనిఖీకి వెళ్లే ప్రతి ఒక్కరూ ఆ వేళని మనసులో పెట్టుకోవాలి.

ఎవరి పని ఏమిటన్నది ఒక్క ముక్కలో చెప్పుకుందాం. ముంబైలో లాగా మన ఆంధ్రప్రదేశ్‌లో కార్పొరేషన్లకి సొంత ఫైర్ సర్వీసు లేదు. ప్లాను, భవనం వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ వాళ్లవి. ఫైర్ ఎన్‌ఓసీ, దాని తనిఖీ 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం కింద రాష్ట్ర అగ్నిమాపక శాఖవి. 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలు, 18 మీటర్లు, అంతకు మించిన నివాస భవనాలు ఇందులోకి వస్తాయి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం చేరే చోట్లకి 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు దాటితే చాలు. కొలతలకి ఆధారం జాతీయ భవన నియమావళి 2016, నాలుగో భాగం.

చిక్కంతా ఈ 15 దగ్గరే వస్తుంది. 14 మీటర్ల చిల్లరతో ప్లాను పాసవుతుంది, ఆనక పైన పెంట్‌హౌస్ లేస్తుంది, దాన్ని క్యాంటీన్ గానో నర్సుల హాస్టల్ గానో వాడతారు. ఎత్తు కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టాలి, టేపుతో ఒక మెట్టు ఎత్తు కొలవాలి. మెట్టు 16 సెంటీమీటర్లుండి కింద నేల దాకా 100 మెట్లు వచ్చాయంటే 16 మీటర్లు ఉన్నట్టే. ప్లానులో రాసిన అంకెకి, ఈ అంకెకి పొత్తు కుదరకపోతే టౌన్ ప్లానింగ్ వాళ్లకి ఆ రోజే రాయాలి.

టెర్రస్ తలుపు దగ్గర చాలా చోట్ల తాళం కనిపిస్తుంది. "దొంగలు పడుతున్నారండీ, ఏసీ ఔట్‌డోర్ల రాగి పైపులు కోసుకుపోతున్నారు" అంటాడు వాచ్‌మన్. ఆ మాట అబద్ధం కాదు, కాబట్టి కసిరి లాభం లేదు. బయటి వైపు నుంచి తెరుచుకోకుండా, మెట్ల వైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే ఏర్పాటు చెప్పాలి. నెడితే తెరుచుకునే పానిక్ బార్ అయితే సరే, లేదంటే లోపలి వైపు మామూలు గడియ చాలు. మంటలప్పుడు కిందకి దిగలేనివాళ్లు పైకి పరిగెత్తుతారు. తాళం వేసిన టెర్రస్ తలుపు దగ్గరికి వాళ్లతో పాటు పొగ కూడా చేరుతుంది.

మెట్ల తలుపు పరీక్ష పది సెకన్ల పని. ఫైర్ డోర్‌ని పూర్తిగా తెరిచి వదిలేయాలి. అదంతట అదే వచ్చి, గడియ నాలుక టక్కుమని పడేదాకా మూసుకోవాలి. అంగుళం సందు మిగిలినా ఫెయిలే. ఆ అంగుళం సందులోంచే పొగ మెట్లలోకి వస్తుంది. రెండు గంటలు మంటని తట్టుకునే తలుపు అని దాని మీద ప్లేటు ఉండొచ్చు, తెరిచి ఉన్న తలుపు రెండు నిమిషాలు కూడా తట్టుకోదు. డోర్ క్లోజర్‌లో ఆయిలు కారిపోవడం, స్ట్రెచర్‌కి అడ్డమని వార్డుబాయిలు దాని చెయ్యి ఊడదీయడం, గాలి కోసం కింద ఇటుక పెట్టడం మూడూ మామూలే. ఆసుపత్రిలో తలుపు నిజంగానే రోజంతా తెరిచి ఉండాల్సిన చోట ఇటుక తీయించి వస్తే మర్నాటికి మళ్లీ అక్కడే ఉంటుంది. అలాంటి చోట అలారం మోగగానే వదిలేసే మాగ్నెటిక్ హోల్డర్ పెట్టించాలి.

ఆ పక్కనే ఎలక్ట్రికల్ షాఫ్ట్ ఉంటుంది. చాలామంది తలుపు తెరిచి, కేబుళ్లు చూసి, మూసేస్తారు. ఇక్కడ ఇద్దరు కావాలి. ఒకరు మూడో అంతస్తు షాఫ్ట్‌లో టార్చి వెలిగించి పైకి చూపించాలి. ఇంకొకరు నాలుగో అంతస్తులో షాఫ్ట్ తలుపు తెరిచి, లైట్లు ఆపి, కేబుళ్లు స్లాబులోంచి వచ్చే చోట వంగి చూడాలి. కేబుళ్ల చుట్టూ వెలుగు గీతలుగా కనిపిస్తుంది. కొన్ని చోట్ల అరచెయ్యి పట్టేంత కన్నం, కొన్ని చోట్ల వేలు పట్టేంత. వెలుగు వచ్చిన దారిలోనే పొగ వస్తుంది. ఆ కన్నాల్ని స్లాబు మందాన ఫైర్ సీలెంటుతో మూయాలి. థర్మోకోల్ ముక్క కుక్కి పైన సిమెంటు రాసేవాళ్లున్నారు. గోరుతో గీకితే తెల్లటి గోళీలు రాలతాయి. పైగా ఇంటర్నెట్ వాళ్లు కొత్త కేబులు లాగిన ప్రతిసారీ ఒక కన్నం పుడుతుంది, కాబట్టి పోయినేడు బాగుందన్న మాట ఇక్కడ పనికిరాదు. అదే షాఫ్ట్‌లో చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, పాత కేస్ షీట్ల కట్టలు ఉంటే మీరు ఉండగానే బయట పెట్టించండి.

వెడల్పుల లెక్క చాలామందికి గాలిలో చెప్పినట్టుంటుంది గానీ అది కూడికలంత తేలిక. తలుపులకి మనిషికి 6.5 మిల్లీమీటర్లు, మెట్లకి మనిషికి 10 మిల్లీమీటర్లు. ఒక మీటరు తలుపు సుమారు 150 మందికి సరిపోతుంది. మీటరున్నర మెట్లు కూడా 150 మందికే. ఇప్పుడు రెండో అంతస్తులో వెయ్యి కుర్చీలు వేసే ఫంక్షన్ హాలుని చూడండి. తలుపులన్నీ కలిపి ఆరున్నర మీటర్లు, మెట్లన్నీ కలిపి 10 మీటర్లు ఉండాలి, అంటే రెండేసి మీటర్ల మెట్లు ఐదు. ముందు ఒక గ్రాండ్ మెట్లు, వెనక వంటవాళ్లు వాడే సన్నటి మెట్లు ఉన్న హాలు ఈ లెక్కకి దరిదాపుల్లోకి రాదు. మెట్లు పెంచే వీలు లేకపోతే మనుషుల్ని తగ్గించాలి. ఎంతమందికి మించకూడదో ఆ అంకె ప్రవేశం దగ్గర బోర్డు మీద ఉండాలి, బుకింగ్ రసీదు మీదా ఉండాలి. తలుపు కొలిచేటప్పుడు ఫ్రేము నుంచి ఫ్రేముకి కాదు, రెక్క తెరిచాక మనిషి దూరే ఖాళీని కొలవాలి. పెళ్లి డెకరేషన్ వాళ్లు గుడ్డ కట్టేస్తే అక్కడ తలుపు ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు, అందుకే హాలు తనిఖీ ముహూర్తాల రోజుల్లో పెట్టుకుంటే మంచిది. రోలింగ్ షట్టర్‌ని బయటికి దారిగా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోకూడదు.

ఆసుపత్రుల సంగతి వేరు. విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ఇళ్లుగా కట్టి ఆసుపత్రులుగా మారినవి ఎన్నో. ఇంటి మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదు. రోగిని మోసే ఇద్దరూ, మధ్యలో బరువూ అక్కడ ఆగిపోతే వెనక వచ్చేవాళ్లంతా ఆగిపోతారు. కొత్త ఆసుపత్రికి మెట్లు 2 మీటర్లు అడిగేది అందుకే. పాత వాటిలో మెట్లు వెడల్పు చేయలేరు కాబట్టి నడవలేని రోగుల్ని పై అంతస్తుల్లో ఉంచకపోవడం ఒక్కటే దారి. ఐసీయూ పై అంతస్తులో, ఓపీ కింద ఉంటే తారుమారు చేయమని రాతపూర్వకంగా చెప్పాలి. యాజమాన్యాలు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాయి. అయినా రాయాలి.

కరెంటు దగ్గర ఒక్కటి తప్పనిసరిగా చూడండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్) ఉండాలి. ఎండాకాలం ఏసీలు పెరిగి అది మాటిమాటికీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ దాన్ని తీసి 32 వేస్తాడు. అప్పట్నుంచి ట్రిప్పు ఆగిపోతుంది, ఎంసీబీకి బదులు గోడలోని వైరు వేడెక్కడం మొదలవుతుంది. బోర్డులో మిగతావన్నీ పాతబడి ఒక్కటి మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఆ సర్క్యూట్ వైరు విప్పించి చూడాలి. చివర్లో ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగి, వంచితే పెటపెటా విరుగుతుంటే ఆ లైను మొత్తం మార్చాల్సిందే.

ఇక పంపు రూము. మోటారు ఆన్ చేసి చూపిస్తామంటే వద్దనాలి. మోటారు తిరుగుతుందని తెలియడం కాదు ముఖ్యం, ఎవరూ ముట్టుకోకుండా తిరుగుతుందా అన్నది తెలియాలి. ఒక మనిషిని టెర్రస్ మీద ఆఖరి హైడ్రంట్ (ఫైర్ గొట్టం తగిలించే కుళాయి) దగ్గర గొట్టం బిగించి వాల్వు తిప్పమనండి, మీరు పంపు రూములో గేజీ ముందు నిలబడండి. ప్రెషర్ కొద్దిగా పడగానే నిమిషానికి 180 లీటర్ల చిన్న పంపు, అంటే జాకీ పంపు, అందుకుంటుంది. దానితో నిలబడక ఇంకా పడితే 2280 లీటర్ల మెయిన్ పంపు లేస్తుంది. మెయిన్ పంపు ఒకసారి లేచాక తనంతట తాను ఆగకూడదు, మనిషి వచ్చి ఆపాలి. ఆటోమేటిక్‌గా ఆగేలా పెట్టి ఉంటే తప్పు. ఇప్పుడు కరెంటు తీయించి అదే పరీక్ష డీజిల్ పంపుతో చేయాలి. పైన నాజిల్ పారుతుండగా ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 3.5 కిలోలకి తగ్గకూడదు.

ఫెయిలయ్యే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. ప్యానెల్ మీద స్విచ్ ఆటోలో కాక మాన్యువల్‌లో ఉంటుంది, రాత్రి మోటారు శబ్దం వస్తుందని ఎవరో తిప్పేస్తారు. డీజిల్ ఇంజన్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. సంపు పంపు కంటే కింద ఉన్న చోట, పీల్చే పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు కారి, పైపులో నీళ్లు దిగిపోయి, మోటారు తిరిగినా నీళ్లు ఎక్కవు. వాడకం నీళ్లకీ ఫైర్‌కీ ఒకే సంపు పెట్టి, వాడకం పైపు కూడా అడుగు నుంచే తీస్తారు. అప్పుడు ఎండాకాలం సాయంత్రానికి ఫైర్ నీళ్లు బాత్‌రూముల్లో అయిపోతాయి. వాడకం పైపు మూతి ఫైర్ మట్టానికి పైన ఉంటే ఈ గొడవే ఉండదు. లక్ష లీటర్ల సంపు మెయిన్ పంపుకి వచ్చేది 44 నిమిషాలే. అందులో సగం లేకపోతే ఏమవుతుందో యజమాని ముందే లెక్క వేసి చూపించండి.

ఎవరూ వాల్వు తిప్పకుండా జాకీ పంపు ఐదు నిమిషాలకోసారి లేస్తుంటే భూమిలో పైపు కారుతోందని అర్థం. గుంటూరు వైపు నల్లరేగడిలో ఇది ఎక్కువ. ఎండకి నేల బీటలిచ్చి, వానకి ఉబ్బి, జాయింట్లని లాగేస్తుంది. పైపు కింద, చుట్టూ ఇసుక పోయకుండా పూడ్చిన చోట వెల్డింగు దగ్గరే విరుగుతుంది.

హోస్ బాక్సులో రెండు చూడాలి. నాజిల్ ఉందా అన్నది మొదటిది. గన్‌మెటల్ కాబట్టి పాతసామాన్ల వాళ్ల దగ్గర మంచి ధర పలుకుతుంది, అందుకే ముందు మాయమయ్యేది అదే. ఒక్కో అంతస్తులో గొట్టం బిగించే ల్యాండింగ్ వాల్వు మూతిలో రబ్బరు వాషర్ ఉందా అన్నది రెండోది. అది లేకపోతే 63 మిల్లీమీటర్ల కప్లింగ్ బిగుసుకున్నట్టే ఉండి, ప్రెషర్ రాగానే నీళ్లన్నీ అక్కడే చిమ్మేస్తాయి.

సిలిండర్ల గురించి ఎంతో రాయక్కర్లేదు. గేజీ ముల్లు పచ్చలో ఉంటే లోపల గ్యాసు ఉందన్నంతవరకే అర్థం, పొడి గడ్డకట్టిందో లేదో అది చెప్పదు. తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకుంటే పొడి జారిన చప్పుడు రావాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి గేజీయే ఉండదు, కాటా పెట్టాల్సిందే. 4.5 కిలోల దాంట్లో 450 గ్రాములకి మించి తగ్గితే నింపించాలి. హోటల్ వంటగదిలో కాగే నూనెకి పొడి సిలిండర్ చాలదు. మంట ఆరినట్టే ఆరి, నూనె వేడి తగ్గక మళ్లీ అంటుకుంటుంది. అక్కడ వెట్ కెమికల్ ది ఉండాలి. 19 కిలోల వంట గ్యాస్ సిలిండర్లు నిండువి ఐదుంటే 95 కిలోలు. ఆరోది చేరితే 100 దాటి లైసెన్సు అడగాల్సిన పరిస్థితి వస్తుంది, కాబట్టి లెక్కపెట్టి రాసుకోండి.

గుంటూరులో పనిచేసేవాళ్లకి మిర్చి కోల్డ్ స్టోరేజీలు వేరే చదువు. బయటి నుంచి చూస్తే కిటికీ లేని పెద్ద పెట్టె. లోపల అంతస్తులుగా టిక్కీలు (మిర్చి బస్తాలు), గోడలకి థర్మోకోల్ లేదా పఫ్ (గట్టిపడిన నురగ) ఇన్సులేషన్. అంటుకున్నాక పొగ పోయే దారి ఉండదు, లోపలికి వెళ్లే దారి ఒకటే ఉంటుంది. తొక్కి కుట్టిన టిక్కీలోకి నీళ్లు దిగవు. పైన ఆరిపోయి లోపల రవులుకుంటూనే ఉంటుంది. చివరికి జేసీబీతో గోడ పగలగొట్టి, టిక్కీలు బయటికి లాగి ఒక్కోటి తడపాల్సి వస్తుంది. మిర్చి పొగలో కళ్లు తెరవలేరు, ఊపిరి అందదు. బ్రీతింగ్ సెట్టు లేకుండా ఎవరూ దగ్గరికి పోలేరు. చుట్టుపక్కల ఇళ్లని గాలి వాటం చూసి ఖాళీ చేయించాలి.

అందువల్ల ఇక్కడ తనిఖీ బరువంతా అంటుకోకుండా చూడటం మీదే ఉండాలి. లైట్లకీ టిక్కీల పై వరసకీ మధ్య ఖాళీ ఉండాలి, ఇన్సులేషన్‌లోంచి పోయే ప్రతి కేబులూ ఇనుప గొట్టంలో ఉండాలి, దాని మధ్యలో జాయింటు ఉండకూడదు. సరుకు లేని రోజుల్లో రిపేర్లు జరుగుతాయి, అప్పుడే ప్రమాదం ఎక్కువ. వెల్డింగ్ నిప్పురవ్వ పఫ్ వెనక్కి జారితే గంట దాకా బయటపడదు. వెల్డింగ్ చుట్టూ 11 మీటర్ల వరకు కాలే వస్తువు లేకుండా తీయాలి, తీయలేని దాన్ని తడి గోనెలతో కాక ఫైర్ దుప్పటితో కప్పాలి, పని అయ్యాక గంటసేపు ఒక మనిషి నీళ్ల గొట్టంతో అక్కడే ఉండాలి. రిజిస్టరులో ఆ మనిషి సంతకం, టైము అడగండి.

కోల్డ్ స్టోరేజీని చల్లబరిచే అమ్మోనియా మెషిన్ రూములో ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ తలుపు బయట ఉండాలి. మాస్కులు కూడా బయటే. లోపల బీరువాలో పెట్టి తాళం వేసిన మాస్కు లీకైన రోజు ఎవరికీ అందదు. ప్లాంటు మొత్తానికి అమ్మోనియా ఆపే కింగ్ వాల్వు ఏదో ఆపరేటర్‌ని అడగండి, రాత్రి షిఫ్టు కుర్రాణ్ణి కూడా విడిగా అడగండి. గాలిలో తేలే అమ్మోనియాని నీటి తుంపర పీల్చుకుంటుంది. నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం నీళ్లు పోయకూడదు, నీటి వేడికి అది మరింత ఆవిరై లేస్తుంది. ఈ తేడా అక్కడ పనిచేసేవాళ్లకి నోటికి రావాలి.

దీపావళి దుకాణాల కొలతలు 2008 పేలుడు పదార్థాల నిబంధనల్లో స్పష్టంగా ఉన్నాయి. షెడ్డుకీ షెడ్డుకీ 3 మీటర్లు, ఒకదానికొకటి ఎదురుగా ఉండకూడదు, ఒక చోట 50 షాపులకి మించకూడదు. వేలాడే బల్బులు లేకుండా లైట్లు గోడకో కప్పుకో బిగించి ఉండాలి, ఒక్కో వరసకి ఒక మెయిన్ స్విచ్ ఉండాలి, 50 మీటర్ల లోపు ఎవరూ టపాసు కాల్చకూడదు. 2022 అక్టోబరు 23న విజయవాడ గాంధీనగర్ జింఖానా మైదానంలో స్టాళ్లు అంటుకుని ఇద్దరు చనిపోయారు. సున్నంతో గీతలు గీసిన రోజు 3 మీటర్లు ఉంటాయి. సరుకు దిగాక అట్టపెట్టెలు ఆ సందులోకే చేరతాయి. కాబట్టి సరుకు దిగిన సాయంత్రం టేపు పట్టుకుని మళ్లీ వెళ్లాలి.

నోటీసులో "అగ్నిమాపక ఏర్పాట్లు సరిగా లేవు" అని రాస్తే యజమానికి ఏం చేయాలో తెలియదు, రేపు కోర్టులోనూ నిలబడదు. "3వ అంతస్తు, వెనక మెట్లు, ఫైర్ డోర్ క్లోజర్ లేదు, 7 రోజుల్లో బిగించాలి" అని ఒక్కో లోపానికి ఒక్కో వరస రాయాలి, పక్కన తేదీ కనిపించే ఫొటో పెట్టాలి. గడువయ్యాక చేసే రెండో తనిఖీ, హోటల్ గానీ ఆసుపత్రి గానీ అయితే, రాత్రి పదిన్నర తర్వాత పెట్టుకోండి. పగలు తెరిచి ఉండే వెనక గేటుకి తాళం పడేది అప్పుడే. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో డ్యూటీ నర్సునో రిసెప్షన్ కుర్రాణ్ణో అడిగి, తెప్పించి, తలుపు తెరుచుకునేసరికి ఎన్ని నిమిషాలైందో వాచీ చూసి నోటీసులో రాయండి.